వేడిగాలికి బాడుగ

అంబత్తూరు ఎస్టేటులో, మూతపడ్డ బోల్టుల ఫ్యాక్టరీ వెనక
రేకుల షెడ్డులో రాత్రి డ్యూటీ నాది.
మూడు వందల పన్నెండు పెట్టెలు,
ఒక్కోదానికి రెండు ఫ్యాన్లు.
చెవుల్లో దూది కుక్కుకున్నా
తేనెతుట్టెలో తల దూర్చినట్టే ఉంటుంది.

దీన్ని తవ్వకం అంటాడు మా ఓనరు.
పారా లేదు, పలుగూ లేదు, గోళ్ళలో మట్టీ లేదు.
ఎవరో విసిరిన పొడుపుకథ,
జవాబుకి ముందు వరసగా సున్నాలు రావాలి, అంతే.
పెట్టెలన్నీ ఊహిస్తాయి. తప్పు.
మళ్ళీ ఊహిస్తాయి. తప్పు.
నేను టీ గుక్క మింగేలోపు కోటానుకోట్ల తప్పులు.
తప్పుల్ని ఎవరూ దాచుకోరు.
కరెంటు మాత్రం
తప్పుకీ ఒప్పుకీ ఒకే ధర.

నా పని దుమ్ము ఊదడం, వేడి చూడడం.
గోడకు కొట్టిన కన్నంలోంచి
ఆ వేడంతా సందులోకి పోతుంది.

కార్తీకం. వాన పట్టి తొమ్మిది రోజులు.
ఆ సందులోకి వజ్రమ్మ నులకమంచాలు ఈడ్చుకొచ్చింది.
మంచాల మీద పాత చీరలు, చీరల మీద అప్పడాలు.
"మీ మిషన్లు ఆపబాకండి నాయనా,
సూర్యుడు డ్యూటీ ఎగ్గొట్టాడు" అంది.
మినప్పిండి, ఇంగువ, మిరియాలు.
ఊరంతా నానుతుంటే మా గోడ వెనక మాత్రం
పెళపెళలాడుతూ ఎండేవి.
వారానికో కట్ట నా చేతిలో పెట్టేది,
వేడిగాలికి బాడుగట.
పాపం కాస్త తగ్గినట్టే అనిపించింది నాకు.
మీటరు వైపు కొంచెం ధైర్యంగా చూశాను.

ఆదివారం ఆమె తమ్ముడు పోలయ్య వచ్చాడు,
ఎన్నూరు ఏటిమొగలో రొయ్యలు పట్టేవాడు.
గోనెసంచిలో చిరిగిన వల.
విప్పితే సిమెంటు రంగు.
జాడిస్తే బకెట్లో నీళ్ళూ సిమెంటు రంగు.
"కరెంటు వండే చోటి నించి వస్తది అన్నా.
పైపు పగిలిందంటే మోకాటి లోతు బురద.
చెయ్యి పెడితే రొయ్య తగలాల,
బూడిద తగలతా ఉంది."

బూడిదలో పోసిన పన్నీరని
చిన్నప్పటి నుంచీ వింటున్నాం.
నీళ్ళలో పోసిన బూడిదకి
ఇంకా సామెత పుట్టలేదు.

వజ్రమ్మ అప్పడం ఒకటి కాల్చి తమ్ముడికిచ్చింది.
అతను గోడ కన్నం ముందు నిలబడి
తడిసిన చొక్కా ఆరబెట్టుకున్నాడు.
"వెచ్చగా ఉందే. ఏం చేస్తారు లోపల?"
"లెక్కలు."
"ఎవరివి?"

నేను అప్పడం నములుతూ ఉండిపోయాను.

ఆ రాత్రి పొడుపు విడిందట.
ఓనరు ఫోనులోకి టపాసుల బొమ్మలు పంపాడు.
నేను ఫ్యాన్ల రెక్కలు తుడుస్తున్నాను.
వేలికి ఏదో బూడిద రంగుది అంటింది.
మామూలు దుమ్మే.
అయినా ఫోను వెలుతుర్లో పెట్టి
రెండుసార్లు చూసుకున్నాను.