ఇంటిపేరు లేనిది

మంగళవారం రాత్రుళ్లు మేం నలుగురం
టాడ్‌మర్డన్ రైలు వంతెన కింద, పబ్బు వెనక గదిలో కూడతాం.
మాది ఎవరికీ అక్కర్లేని విద్య:
ఫొటో చూసి కారు పేరు చెప్పడం.
కంపెనీ కార్లు కావు, వాటి పేర్లు పిల్లలైనా చెబుతారు.
పెట్టెల్లో ముక్కలుగా వచ్చి
ఏ షెడ్డులోనో, వరసగా ఏ నలభై ఆదివారాల్లోనో
మెకానిక్కు కాని మనిషి చేతుల్లో
సగం తప్పుగా పుట్టిన కార్లు.
మూడు అమ్మి అప్పులపాలైన అన్నదమ్ములవి.
స్నానాల తొట్లు పోసే మేస్త్రీ
పందెం కాసి పోసిన ఒకే ఒక్కటి.

మొన్న వానలో బెవర్లీ ఫీల్డెన్ వచ్చింది.
గొడుగు గుమ్మానికి ఆనించి
రొట్టెల సంచీలోంచి ఫొటో తీసింది.
అరచేతిలో ఇమిడేంత. రంగులన్నీ టీ రంగులోకి దిగిపోయాయి.
నేలకి కరుచుకున్న ఆరెంజి బండి,
బానెట్ మీద నాలుగేళ్ల పిల్ల,
ఒక కాలికే బూటు.
"ఇది నేను. ఇది మా నాన్న కారు.
దీని పేరేంటో చెప్పండి చాలు."

స్టాన్లీ బారక్లఫ్ భూతద్దం తుడిచాడు, మళ్లీ తుడిచాడు.
పురిటిబిడ్డ చుట్టూ ముసలమ్మల్లా మూగాం.
తలుపు పిడి మారిస్ మరీనాది, ఒట్టేసి చెబుతా.
వెనక దీపాలు కోర్టినావి, తలకిందులుగా బిగించాడు మహానుభావుడు.
అడుగంతా బీటిల్, ఆ చక్రాలు చూడు.
ముందు అద్దం ఏదో వ్యానుది.
ముక్కు మేనత్తది, చెవులు తాతవి,
అన్నీ తేలాయి.
బిడ్డ ఎవరిదో తేలలేదు.

ఇంకేమైనా గుర్తుందా అమ్మాయ్, అన్నాం.
తలుపు తెరుచుకునేది కాదట,
కిటికీలోంచి ఎత్తి లోపల వేసేవాడట.
వాన పడితే ఎడమ మోకాలు ఒక్కటే తడిసేదట.
"వాసన," అంది కాసేపాగి.
"పియర్ పళ్ల బిళ్లల వాసన. వంటింట్లో కూడా.
నాకు ఆరేళ్లొచ్చేదాకా."

అప్పటిదాకా గ్లాసు వైపే చూస్తున్న ఎర్నీ అట్లీ,
ముప్పై ఏళ్లు ఫైబర్‌గ్లాసు పీల్చి
దగ్గే మాటగా మిగిలినవాడు, తలెత్తాడు.
"కొన్న బాడీకి ఆ వాసన నెలలో పోతుంది.
ఇది మీ వంటింట్లోనే పోశారు.
దీనికి పేరు లేదు తల్లీ."

ఆమె ఏడుస్తుందనుకుని నేను చిప్స్ పొట్లం జరిపాను.
ఏడవలేదు. ఒకటి తీసుకుంది.
"అమ్మ అయితే నమ్మించింది," అంది,
"ఆ దిక్కుమాలిన బండి మొహం
జన్మలో చూడలేదని."

స్టాన్లీ ఇంకా భూతద్దం దించలేదు.
ముందు చక్రం హబ్‌క్యాప్ మీద,
క్రోమ్ బొడిపెలో, ఆకాశం చుట్టుకుపోయిన చోట
ఆవగింజంత మనిషి.
తలకి రుమాలు. కళ్ల దగ్గర రెండు చేతులు.
ఒక మణికట్టుకి తాడుతో వేలాడుతూ
నల్లటి చుక్క.
"బూటు కావచ్చు," అన్నాడు. "మరకైనా కావచ్చు."

బెవర్లీ భూతద్దం లాక్కుంది.
పైన గూడ్సు బండి పోయింది, గ్లాసులు గలగల్లాడాయి.
అది పోయాక కూడా
ఆమె తల ఎత్తలేదు.

ఆ రాత్రి పద్దు పుస్తకంలో
పేరు గడి మీద స్టాన్లీ పెన్సిలు ఆనించి, ఎత్తేశాడు.
చిన్న చుక్క మాత్రం పడింది.
గొడుగు మరిచిపోయింది, మూడు వారాలుగా ఇక్కడే ఉంది.
నాకు మాత్రం నిద్ర పట్టనివ్వనిది ఆ ముందు అద్దం.
పాల వ్యానుదంటాడు ఎర్నీ.
కాదు. పాల వ్యానుకి
ఆ మూల అంత గుండ్రంగా ఉండదు.