నాలుగు వేల నాలుగు వందల పదిహేడో సాలు

మంచు పడని చలి మంచిది కాదంటుంది జెచ్కా.
దోబ్రుజా మైదానంలో గాలికి అడ్డంగా
గుట్టా లేదు, గోడా లేదు,
సముద్రం దాకా ఉత్త నల్లమట్టి.
పైన మంచు ఉంటే గోధుమ దాని కింద ముడుచుకుని పడుకుంటుంది.
లేకపోతే నేల బిగుసుకుని వేళ్ళు తెగుతాయి,
చప్పుడు కూడా వినబడదు.

ఇది చలిపంట.
వణకనిదే వెన్ను వేయదు.
అక్టోబరులో విత్తితే, వారాల తరబడి చలి తిన్నాకగానీ
పూయాలన్న సంగతి దానికి గుర్తురాదు.
"మనుషుల్లోనూ ఉన్నార్లే అలాంటివాళ్ళు"
అంటాడు ఇస్మెత్, ట్రాక్టర్ కింద నుంచి.
ఎవరి గురించో మేం అడగం.

నా పని సంచులు తొడగడం.
మే నెల చివర, తెల్లవారు ఆరింటికి
జెచ్కా సాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటుంది.
ఒక్కో పువ్వు విప్పి, పట్టకారుతో
మూడేసి పచ్చి తిత్తులు తీసేస్తుంది,
వాటికి పసుపు తిరగకముందే.
వెన్నుకి ఇరవై పువ్వులు, అరవై తిత్తులు.
ఒక్కటి మిగిలినా
ఆ వెన్ను తనను తానే పెళ్ళాడేస్తుంది,
మా లెక్కలో అబద్ధం దూరుతుంది.

రెండ్రోజులాగి
తండ్రి వెన్నును తలకిందులుగా సంచిలోకి దించి
కవ్వంలా అటూ ఇటూ తిప్పుతుంది.
నేను దారం కట్టి
తల్లి పేరు పైన, తండ్రి పేరు కింద రాస్తాను.

తల్లి:
ఎవరో ముసలావిడ కోళ్ళకు చల్లుతుంటే
ఇస్మెత్ గుప్పెడు అడిగి తెచ్చిన పాతరకం.
మనిషి ఛాతీ ఎత్తు. గాలి దగ్గితే పడిపోతుంది.
తండ్రి:
పొట్టిది, బరువుగా పండేది, పిరికిది.
పిల్లలు ఎవరి పోలికో
అంత తొందరగా తేలదు.

ఐదో ఏట కుంకుమ తెగులు వచ్చింది.
ఆకు పొడవునా పసుపు గీతలు,
మిషన్ మీద కుట్టినట్టు వరసగా.
మళ్ళ మధ్య నడిచి వస్తే నా ప్యాంటు నారింజ రంగు.
మందు డబ్బా ఎత్తాను.
"దించు" అంది జెచ్కా.
"రానీ. ఎవరెంతో అదే చెబుతుంది."
ఆ పొడిని గీరి సీసాలో పోసి
ఫ్రిజ్‌లో తన పెరుగు పక్కన దాచింది.
అప్పటినుంచి ప్రతి వసంతం
శత్రువును తన చేత్తోనే చల్లుతుంది.

ఎనిమిదో శీతాకాలం మంచు రాలేదు.
సున్నాకి ఇరవై నాలుగు కింద, పదకొండు రాత్రులు.
మార్చిలో చూస్తే పొలమంతా టీ పొడి.
నోటుబుక్కులో ఒక్కొక్క నంబరూ కొట్టేసుకుంటూ
మధ్యాహ్నం దాకా నడిచాం.
జెచ్కా ఆగింది. నేను ఆమె వీపుకి గుద్దుకున్నాను.
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
పళ్ళూడిన దువ్వెనలా, అక్కడక్కడా,
కానీ పచ్చగా.

ఆ తర్వాత రెండేళ్ళూ అది పండిన పంట చూసి
కాటా చెడిపోయిందని ఇస్మెత్ దాన్ని తన్నాడు.
రాజధాని నుంచి మనుషులొచ్చారు,
పేరేం పెడతారని అడిగారు.
"ముందు రొట్టె" అంది జెచ్కా.

వంటగదిలో రూసానా పిండి కలిపింది,
పొంగుతుందని గంట చూసింది, ఇంకో గంట చూసింది.
పొయ్యిలోంచి తీసింది పెంకు.
ఎవరూ ఏమీ అనలేదు.
జెచ్కా ఒక ముక్క విరిచి, నమిలి, చాలాసేపు నమిలి,
"దీనికి చావడం రాదు" అంది,
"లేవడం కూడా రాదు."

మళ్ళీ మే.
ఈసారి సంచి మీద తల్లి పేరు రాయబోతే
నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని
తనే రాసింది, నాలుగు అంకెలు, వంకరగా.
పట్టకారు నాకిచ్చింది.
"ఇంకెన్నేళ్ళు?" ఇస్మెత్ అడిగాడు.
ఆమె తన మోకాళ్ళ కేసి చూసుకుంది.
"పన్నెండు. రొట్టె నువ్వు తిని చెప్పు,
ఉప్పు సరిపోయిందో లేదో."

నేను మొదటి పువ్వు విప్పాను.
ఒకటి. రెండు.
మూడోది దొరకడం లేదు.