ఎనిమిది పాయింట్ల టైపు

పాలకొండ బస్టాండు వెనక మా ప్రెస్సు.
శుభలేఖలు, రసీదు పుస్తకాలు, జాతర కరపత్రాలు.
వాటి మధ్యే ఒక యుద్ధం అచ్చయింది.

దుంగ అసిరినాయుడు గారు
డెబ్బై ఒకటిలో పత్రిక పంపితే సరిహద్దుకెళ్ళారు.
టెలిగ్రాముకి మాటకింతని లెక్క,
పొట్టి వాక్యాలు అలా అలవాటయ్యాయి.
"వంతెన మనది. మంచు. ఏడుగురు పోయారు."
చావుకి రెండు మాటల ఖర్చు.

ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చారు.
ఉద్యోగం మానేసి పుస్తకాలకి దిగారు:
రెజిమెంట్ల చరిత్రలు, ఏరు దాటిన రాత్రులు,
రిటైరైన జనరళ్ళ ముందుమాటలు.
పటాలు ఆయనే గీసేవారు.
బాణం ఎటు తిరిగితే సైన్యం అటు.
ఒకసారి బ్లాకు తలకిందులుగా బిగించాను,
బెటాలియను మొత్తం వెనక్కి పారిపోయింది.
నవ్వారు. నవ్వి, రెండొందల ఫారాలు చింపించారు.

మూడో పుస్తకం వచ్చిన ఏడు
వీరఘట్టం అవతల నుంచి ఓ ముసలమ్మ వచ్చింది.
సంచిలో పుస్తకం,
నూట పన్నెండో పేజీలో చీపురుపుల్ల.
మేష్టరు చదివి పెట్టాట్ట.
"ఏడుగురని రాసినావు గదా బావూ,
అందల మావోడు ఎన్నోవోడు?"

నిలబడింది వినపడని చెవి వైపు.
నాకు వినపడింది.
మళ్ళీ అడిగింది.

తర్వాత ఆయన కొత్త పుస్తకం రాయలేదు.
పదకొండేళ్ళు ఆ ఒక్క పేజీనే రాశారు.
రికార్డు ఆఫీసులకి కార్డులు, రాని జవాబులు,
కుప్పిలి దాకా సైకిలు, కొల్లం దాకా రైలు.
ఒకడికి ఈత రాదు.
ఒకడు కాపలాలో బెల్లం ముక్క దాచుకునేవాడు,
ఎవరికీ పెట్టేవాడు కాదు.
అదీ రాశారు.

పేజీ అడుగున, ఎనిమిది పాయింట్లలో కూర్చమన్నారు.
"పెద్దవి వేద్దామండి" అన్నాను.
"వద్దోయ్. వంగి చదవనీ."

అడుగు పెరిగి పెరిగి
పైన యుద్ధం మూడు వరుసలు మిగిలింది.
అక్షరాలు చాలేవి కావు;
ఒకడి ఊరు విప్పి ఇంకొకడి ఊరు పేర్చేవాణ్ణి.
ఏడోవాడి ఆచూకీ దొరకలేదు.
అక్కడ ఉత్త సీసం బిగించాను, సిరా అంటనిది.

ముసలమ్మకి కబురెట్టాం.
నాలుగో పేరు, పొగిరి తవిటయ్య.
ఆయనే ఆవిడ వేలు పట్టి దాని మీద పెట్టారు.
చాలాసేపు తడిమింది.
తర్వాత ఆ ఒక్క కాగితం చింపుకుని,
నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని,
మిగతా యుద్ధాన్నీ చీపురుపుల్లనీ
మా బల్ల మీదే వదిలేసి
రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయింది.