పైడిభీమవరం టికెట్టు

బస్సు ఇంకా ఆగకముందే
కిటికీలోంచి ఒక జేబురుమాలు వచ్చి సీటు మీద పడింది.
నేను చూడలేదు.
పొద్దుట ఆరున్నర, శ్రీకాకుళం కాంప్లెక్సు.
కుట్టుమిషను తలకాయని గోనెసంచిలో చుట్టి
చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని
జనం తోస్తే ఎక్కినవాణ్ణి,
జనం కూలేస్తే కూర్చున్నవాణ్ణి.

"కళ్లు కనపడనేదేటి? గుడ్డ మీద కూకున్నావు!"

గొంతు ముందొచ్చింది, మనిషి తరవాత వచ్చాడు.
లేచి గుడ్డ తీసి ఇచ్చాను.
దులిపాడు. నా వైపే దులిపాడు.
కిటికీ పక్కన మళ్లీ పరిచి, దాని మీద కూర్చుని
మోకాళ్లు బార్లా చాపాడు.
ముగ్గురు కూర్చునే సీటులో ఒకటిన్నర ఆయనది.
మిగిలిన ఒకటిన్నరలో
నేనూ, నా మిషనూ, చివర్న
పెండలందుంపల బుట్టతో ఒక ముసలాయన.

"ఏటా ఇనుము? మోకాలికి తగుల్తంది."
మిషను తలకాయండీ, విజయనగరంలో రిపేరుకి.
"దర్జీవోడివా! అయితే నీకు నేర్పాలేటి?
గుడ్డ మడతెట్టినట్టు మడతెట్టుకు కూకో."

వెనక సీట్లో ఎవరో నవ్వారు.
ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ మెడ వెనక ఉంది,
కాలరులో మిగిలిపోయిన గుండుసూదిలా.

ఎచ్చెర్ల దాటేదాకా జవాబులు కుట్టాను.
ఒకటి మరీ బిగుతు.
ఒకటి మా నాన్న మాట్లాడినట్టుంది, విప్పేశాను.
చిలకపాలెం దగ్గర ఒకటి సరిగ్గా కుదిరింది.
అనేద్దామని తిరిగి చూస్తే
ఆయన నిద్రపోయాడు.

నోరు తెరుచుకుని,
రెండో బొత్తం లేని చొక్కాతో.
తల ముందు కిటికీ కడ్డీకి కొట్టుకుంది,
తర్వాత దారి తెలిసినట్టు వచ్చి
నా భుజం మీద ఆగింది.

బరువు. తలనూనె వాసన, దాని కింద మందు వాసన.
ఫ్యాక్టరీవాళ్ల చొక్కాలు
ఎన్నిసార్లు ఉతికి తెచ్చినా
నా కత్తెరకి తెలుస్తుంది ఆ వాసన.
వద్దన్నా కళ్లు కొలిచేశాయి:
ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పదిహేడున్నర,
చంకలో కుట్టు ఊడిన చోట
నల్లచొక్కాకి తెల్లదారం టాకా,
ముడి వెయ్యడం తెలీనివాడు తనకి తనే వేసుకున్నది.

జాలి పడ్డాననుకోకండి.
ఈ భుజం ఒక్కసారి విదిల్చానా,
ఆ దవడ వెళ్లి మిషను చక్రానికి తగుల్తుంది.
లావేరు జంక్షను దాకా ఆ సుఖంలోనే ఉన్నాను.

రణస్థలం దాటాక కండక్టరు తవిటమ్మ
జనంలో ఈదుకుంటూ వచ్చి అరిచింది:
"పైడిభీమవరం ఎవులు? ముందుకు రండి!"
ఆయన టికెట్టు చొక్కాజేబులోంచి నాలుక చాపుతోంది.
పైడిభీమవరం.
ఆయన దిగాల్సిన చోటు ఆయనకి తెలీడం లేదు,
బస్సు మొత్తంలో నాకొక్కడికే తెలుసు.
పొద్దున్నుంచీ నా చేతికొచ్చిన మొదటి కత్తెర.

నాతవలసలో దిగుతాడు,
ఎదురు బస్సుకి ఎండలో నిలబడతాడు,
షిఫ్టుకి అరగంట లేటవుతాడు,
గేటు దగ్గర ఎవడో ఈయన్ని
"కళ్లు కనపడవా, టైమెంత?" అంటాడు.
అంతా చూసేశాను, ఇస్త్రీ చేసినంత స్పష్టంగా.

బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు.
తవిటమ్మ రైట్ అనబోయింది.

"నెగు బాబూ, నెగు, నీ స్టాపొచ్చింది!"
గొంతు నాదే. మోచెయ్యి కూడా నాదే.
కొంచెం గట్టిగానే పొడిచాను, అబద్ధమెందుకు.

లేచాడు, నా కాలు తొక్కాడు,
ముసలాయన బుట్ట దాటాడు,
మెట్ల మీంచి వెనక్కి తిరిగాడు:
"బేగి సెప్పొచ్చు గదా, నోట్లో ఏటెట్టుకున్నావు?"

దుంపల ముసలాయన కిసుక్కుమన్నాడు.
ఈసారి నాకూ వచ్చింది నవ్వు.
చిలకపాలెం దగ్గర అంత బాగా కుదిరిన జవాబు
ఏమిటో ఎంతకీ గుర్తు రాలేదు.

కిటికీ పక్క ఖాళీ.
అక్కడ నలిగిపోయి ఆయన జేబురుమాలు,
ఇంకా సీటు ఆపుతోంది.
వీపున కాలేజీ బ్యాగుతో ఎక్కిన ఆడపిల్ల
దాన్ని చూసి జంకింది:
"ఇక్కడ ఎవులైనా ఉన్నారా?"

చేతిలోకి తీసుకుని నాలుగంచులూ చూశాను.
మంచి కుట్టే.
దర్జీవాడు మడతపెట్టినట్టు మడతపెట్టి
పైజేబులో వేసుకున్నాను.
"ఉండేవోడమ్మా. దిగిపోయాడు. కూకో."