నవ్వే వాలుగ

మా చొక్కా కాలరు వెనక నవ్వే చేప
సముద్రంలో పుట్టలేదు.
పొందూరు బస్టాండు పక్కన
సైనుబోర్డుల దాలినాయుడి చేతిలో పుట్టింది.

"ఏటి బొమ్మెయ్యను?" అన్నాడట.
నాన్న దగ్గర జవాబు లేదు,
ఒక్క తెల్లరంగు డబ్బాకి సరిపడా మాట తప్ప.
అరుగు మీద ఎర్రమ్మ
వాలుగ దవడతో పత్తి దువ్వుతోంది,
గింజ చుట్టూ మబ్బు విడుతోంది.
"ఇదే ఎయ్యి. కూడెడతన్నాది ఇదే కదా."

దవడొక్కటే వేస్తే దెయ్యంలా ఉందని
కన్ను పెట్టాడు. కన్ను పెట్టాక తోక.
ఇంతలో రంగు అడుగంటి
కింద ఒక పన్ను రాలేదు.

తిత్లీ గాలికి బోర్డు ఎగిరి
లోలుగు చేలల్లో తేలింది.
"షాపు సేప ఈతకెళ్లిందర్రా" అని పిల్లలు.
అప్పట్నుంచి దానికి ఆటలు మప్పాం.
సంచుల మీద గొడుగేసుకుంది,
పెళ్లిళ్ల రోజుల్లో బాసికం కట్టింది,
ఎన్నికల నెలలో మాత్రం
ఏ రంగూ అంటకుండా తెల్ల పంచెలో తిరిగింది.

విశాఖ నుంచొచ్చిన డిజైనరు కుర్రాడు
ఆ పన్ను పెట్టేశాడు.
ఎర్రమ్మ ఫోను దూరంగా పట్టుకు చూసింది,
తన నోట్లోనూ అక్కడే ఖాళీ.
"మనది కాదిది.
పళ్లన్నీ ఉన్న దవడ
ఇంకా పనిలోకి దిగనేదన్నమాట."

నాలుగువేల లేబుళ్లు వెనక్కి వెళ్లాయి.

దాలినాయుడికి ఇప్పుడు చూపు ఆనదు.
కొత్త చొక్కా కాలరు తిప్పి
వేలితో తడుముతూ పోయి
దారం లేని చోట ఆగాడు.
"ఆ డబ్బా డబ్బులు
మీ నాన్న ఇంకా ఇవ్వనేదు" అన్నాడు.