ఎడమ చేయి

యార్డులో మిరప తొడిమలు తీసొచ్చిన వేళ్ళతో
పిల్లను తాకకూడదని పద్నాలుగేళ్ళుగా తెలుసు నాకు.
మణికట్టు వెనకవైపుతోనే
జ్వరం చూశాను, చెంప తుడిచాను.

ఆ కాగితాన్ని కూడా అలాగే అందుకున్నాను.
స్కూల్లో ఆడపిల్లలకు టీకా అట,
ఎప్పుడో నడివయసులో గర్భసంచి ముఖాన పుట్టే క్యాన్సరుకి
ఇప్పుడే అడ్డుకట్ట వేసే సూది.
"చిన్నపిల్ల ముందు ఆ జబ్బు మాటెందుకు?" అన్నాడు ఏసోబు,
సంగడిగుంటలో ఎవరో ఏదో అన్నారని.
నాలుగు రాత్రులు పోట్లాడుకున్నాం
గొంతులు తగ్గించి,
కెజియా నిద్రపోయిందనుకుని.
ఐదో రాత్రి "నీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.
గెలిచాననుకున్నాను.

పొద్దున్నే జడ వేసుకుంటూ అంది పిల్ల:
"నేను వేయించుకోను."

ఎంత పోరాడాను దీనికోసం!
చెవులు కుట్టించినప్పుడు అడిగామా దీన్ని,
తొడమీద సూది పొడిపించినప్పుడు అడిగామా,
కాళ్ళు రెండూ నేనే అదిమి పట్టుకోలేదూ?
అరవబోయి
దాని భుజం వైపు చూశాను.
ఎప్పుడు పెరిగిందో, నా భుజం కంటే ఎత్తు.

"శుక్రవారం సూది. శనివారం జిల్లా సెలక్షన్సు.
చేయి వాస్తే గుండు ఎవరు విసురుతారు, నువ్వా?"

అంతే.
నాలుగు రాత్రుల్లో మా ఇద్దరికీ తట్టలేదు
ఆ చేతికి ఒక శనివారం ఉందని.

ఒక పూట కూలి పోగొట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను.
"మంగళవారం ఆస్పత్రికి తీసుకురా" అంది
రిజిస్టరులోంచి తలెత్తకుండానే.
ఇంటికొచ్చి చెప్తే
పిల్ల లెక్క వేస్తున్నట్టు కాసేపు క్యాలెండరు చూసి
"సరే. ఎడమ చేతికి" అంది.
ఆ ఒక్క "సరే" విని ఏసోబు,
నాలుగు రాత్రులు నా మాటకి కరగని మనిషి,
"బండి మీద నేను దింపుతాలే" అన్నాడు.

కాగితం మీద తల్లిదండ్రుల సంతకానికి ఒక్కటే గీత.
అక్షరం అక్షరం దిద్దుకుంటూ నేను పెట్టాను.
కింద ఖాళీలో, ఎవరూ అడక్కుండానే,
తను పెన్సిలుతో రాసింది:
పి. కెజియా, ఎడమ.

సెలక్షన్లో నాలుగోది వచ్చింది. ముగ్గురినే తీసుకున్నారు.
ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.
మంగళవారం తనే ముందు చెప్పులేసుకుంది.

కాళ్ళు పట్టుకునే పని లేదు నాకు.
దూది అద్దిన చోటు పక్కన
మణికట్టు వెనకవైపుతో ఒకసారి తాకాను.
"వేళ్ళతోనే పట్టుకోవే అమ్మా" అంది,
"ఇవాళ యార్డుకి వెళ్ళలేదుగా."