వెలితి కొలత

మణలిలో ట్యాంకు మీద, ఎనభై నాలుగు మెట్లెక్కాక
తిరునావుక్కరసు సారు నాకా మాట నేర్పాడు.
అల్లేజ్.
ఏదో దగ్గుమందు పేరులా ఉందే అనుకున్నాను.
"నూనె ఎంతుందో చూడకు తంబీ,
ఎంత లేదో చూడు" అన్నాడు,
సగం తమిళంలో, సగం
నా కోసం కూడబెట్టిన తెలుగులో.

మూత తెరిచి
ఇత్తడి గుండు కట్టిన టేపును జారవిడిస్తే
అది నూనె మొహం తాకేదాకా
మధ్యలో ఉన్న ఖాళీ. అంతే.
దానికో పేరు.
రెండు మీటర్ల నూట నలభై మిల్లీమీటర్లు.
రాసుకున్నాను.
ఉన్నదంతా తీసివేతలో
దానంతటదే తేలుతుందట.

రాత్రి తండయార్‌పేట గదిలో నిఘంటువు తీశాను.
ఫ్రెంచివాళ్ళ కన్ను నుంచి వచ్చిందట ఆ మాట.
పీపాకు పెట్టిన చిల్లు వాళ్ళకు కన్ను.
కంటిదాకా నింపడం ఒక పని,
నిండకుండా మిగిలింది దాని పేరు.
ఇందులో వింతేముంది,
కొబ్బరికాయకు మనం మూడు పెట్టలేదూ,
జల్లెడకైతే లెక్కే లేదు.

సీలు ఊడని సారా సీసా మెడలో
ఏళ్ళకేళ్ళు ఎవరూ తాగకుండానే తగ్గిన
వేలెడు మేర కూడా అదేనట.
పాత ఓడల్లో
పనికిమాలిన నావికుణ్ణీ అదే మాటతో పిలిచేవారట.
ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను.
డిప్లొమా మూడుసార్లు తప్పినవాణ్ణి.

తెలుగులో ఏమంటారని సారు అడిగితే
వెలితి అన్నాను.
అన్నానేగానీ నాలుకకు నచ్చలేదు.
వెలితి అంటే లోపల ఎక్కడో కలుక్కుమనాలి.
పెళ్ళిపందిట్లో ఒకరు రాకపోతే వెలితి,
మజ్జిగన్నంలో ఊరగాయ లేకపోతే వెలితి.
ఈ ఖాళీకి అలాంటి దిగులేం లేదు,
కావాలని వదిలిన ఖాళీ ఇది.

"నిండుకుండ తొణకదని మా బడిగోడ మీద ఉండేది సార్."
నవ్వాడు. "కుండకు సరే.
మే నెల ఎండకు నూనె ఒళ్ళు విరుచుకుంటుంది.
మూతదాకా పోశావో, తొణకదు, పగులుతుంది.
మరీ వదిలావో, ఓడ కడుపులోనే అల లేస్తుంది.
చాలినంత ఖాళీ, తంబీ.
అది చూడ్డానికే నీకూ నాకూ జీతం."
ఎన్నూరు వైపు గాలి అతని టోపీని ఎత్తుకుపోబోయింది,
రెండు చేతులా పట్టుకున్నాడు.

మా ఇంటావిడ నాంచారమ్మ గారు.
మూడు తరాలుగా మద్రాసే,
ఆవిడ తెలుగు మా ఊరి తెలుగుకంటే పాతది.
నీళ్ళ లారీ రోజు విడిచి రోజు.
ఇంటికి తొమ్మిది బిందెలు, ఆకుపచ్చవి, గులాబీవి,
ఒకదానికి అడుగున తారు మాసిక.
ఆ శుక్రవారం లారీ రాలేదు.
నేను బూట్లు విప్పుతుంటే గుమ్మంలోంచి అంది:
"నీళ్ళు నిండుకున్నాయి నాయనా."

చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే.
బియ్యం నిండుకున్నాయి, ఉప్పు నిండుకుంది,
లేదని నోటితో అనకూడదని
మా అమ్మ కూడా అలాగే అనేది.
కానీ రోజంతా లేనిదాన్ని కొలిచి వచ్చిన ఆ సాయంత్రమే
అది నా చెవికి తగిలింది.
డ్రమ్ము మూత తీసి చూశాను.
అడుగున చెంబెడు నీళ్ళు,
అందులో నా మొహం, ఎక్కడో దూరంగా.
పైనుంచి కిందిదాకా
నిండుకుని ఉంది.

ఏ ఫారంలో ఏ గడిలో రాయను దీన్ని?

ఆ చెంబెడులోంచే కాఫీ పెట్టింది ఆవిడ.
వద్దన్నా వినలేదు.
స్టీలు గ్లాసులో అంచుకు ఒక వేలు కిందికి పోసింది,
ఎప్పుడూ అంతే పోస్తుంది.
పిసినారితనమని నెలరోజులుగా లోపల తిట్టుకుంటున్నాను.
"నిండా పోస్తే ఎక్కడ పట్టుకుంటావు?
చెయ్యి కాలదూ?" అంది,
నేనేమీ అడక్కుండానే.

పద్దెనిమిది మిల్లీమీటర్లుంటుందేమో.
టేపు సంచిలోనే ఉంది.
తియ్యలేదు.